ఏ విజయరామరాజు?

"విజయనగరం మహారాజు బొబ్బిలి యుద్ధంలో గెలిచి, తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయాడు." "విజయనగరం మహారాజు ఇంగ్లిషు వాళ్లతో పోరాడి పద్మనాభంలో ప్రాణాలు వదిలాడు." "లండన్ హైడ్ పార్కులో మంచినీళ్ల ఫౌంటెన్ పెట్టించింది విజయనగరం మహారాజు." "మాక్స్ ముల్లర్ ఋగ్వేదానికి డబ్బిచ్చిందీ, కన్యాశుల్కం అంకితం పుచ్చుకున్నదీ విజయనగరం మహారాజు." "దేశంలో పేరున్న సంగీత కళాశాల పెట్టింది విజయనగరం మహారాజు." "భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్సీ చేసిన విజయనగరం మహారాజు ఎవరు?"

గ్రూప్స్ బిట్ బ్యాంకుల్లో, పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే "మీకు తెలుసా?" మెసేజుల్లో ఇలాంటివి కొల్లలు. విడివిడిగా చూస్తే ఒక్కటి తప్ప అన్నీ నిజాలే. వరసగా చదివితే మాత్రం నూట ఎనభై ఏళ్లు బతికి, మధ్యలో రెండుసార్లు చచ్చిపోయి, ఆఖర్న ప్యాడ్లు కట్టుకుని గ్రౌండులోకి దిగిన మహారాజు ఒకాయన తయారవుతాడు. నిజానికి పైన చెప్పిన వాటిలో ఉన్నది ఆరుగురు మనుషులు. ఆ ఆరుగురిలో నలుగురి పేరు విజయరామరాజే. ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు.

తాత పేరు మనవడికి పెట్టడం మన ఇళ్లన్నింటిలో ఉన్నదే. విజయనగరం రాజులైన పూసపాటి వారి ఇంట్లో ఇది ఇంకాస్త గట్టి ఆనవాయితీ. ఒక తరం విజయరామ, ఇంకో తరం ఆనంద; మధ్యలో నారాయణ. పేరు చివర రాజు, గజపతి, గజపతిరాజు అని ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంటుంది. పోనీ మొదటి, రెండో, మూడో అని అంకెలు వేద్దామంటే అదీ కుదరదు. 1713లో విజయనగరం కోటకు పునాది వేసినాయన పేరూ విజయరామరాజేనంటారు. ఆయన్ను కలుపుకుంటే ఒక లెక్క, వదిలేస్తే ఇంకో లెక్క. అందుకే పాతకాలం వాళ్లు పెద విజయరామరాజు, చిన విజయరామరాజు అని చెప్పుకునేవారు. 18వ శతాబ్దానికి ఆ పద్ధతి చాలు. 19, 20 శతాబ్దాలకు వచ్చేసరికి ఇంకో ఇద్దరు ముగ్గురు విజయరాములు వచ్చి చేరారు. ఇప్పుడు మిగిలిన దారి ఒక్కటే: బిట్టులో ఏ సంవత్సరం ఉందో ముందు చూడటం. ఈ వ్యాసంలో అంకెలు వాడను, ఏళ్లతోనే చెబుతాను.

బొబ్బిలి, 1757

ముందు పెద విజయరామరాజు. 1753లో హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచి వాళ్లకు రాసిచ్చాడు. రాసివ్వడం తేలిక, ఇక్కడి జమీందార్ల దగ్గర శిస్తు రాబట్టడం కష్టం. ఆ పని మీద ఫ్రెంచి సేనాని బుస్సీ 1756 చివర్లో ఇటు వచ్చాడు. ఆయనకు ఈ ప్రాంతంలో అండగా నిలబడ్డ జమీందారు పెద విజయరామరాజు. బొబ్బిలి రంగారావుకూ విజయరామరాజుకూ అప్పటికే పడదు. సరిహద్దు తగాదాలు, నీళ్ల తగాదాలు చాలా ఉన్నాయి. బొబ్బిలి కోట వదిలి వేరే చోటికి వెళ్లమన్నారు, రంగారావు వినలేదు. 1757 జనవరి 24న ఫిరంగులు పేలాయి.

ఆ రోజు కోటలో ఏం జరిగిందో బుర్రకథ విన్న ప్రతివాళ్లకూ తెలుసు. కోట నిలవదని తేలాక ఆడవాళ్లనూ పిల్లలనూ లోపలివాళ్లే చంపుకుని, ఆ తర్వాత మగవాళ్లు పోరాడి చనిపోయారు. రంగారావు కూడా అందులోనే పోయాడు. ఒక ముసలాయన మాత్రం ఒక పిల్లవాడిని తీసుకొచ్చి లా అనే ఫ్రెంచి అధికారికి అప్పగించాడు. ఆ పిల్లవాడు రంగారావు కొడుకు, చిన రంగారావు. ఇతన్ని గుర్తుంచుకోండి, కొద్దిసేపట్లో మళ్లీ వస్తాడు.

యుద్ధం అయిన మూడో రాత్రి విజయరామరాజును ఆయన డేరాలోనే పొడిచి చంపారు. జనం కథలో ఆ పని చేసింది రాజాం నుంచి ఆగమేఘాల మీద వచ్చిన తాండ్ర పాపారాయుడు, రంగారావు బావమరిది. అదే శతాబ్దంలో ఈ యుద్ధం గురించి రాసిన ఇంగ్లిషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ కథనం కొంచెం వేరుగా ఉంటుంది. అందులో నలుగురు బొబ్బిలి సైనికులు చీకట్లో కోట దిగి, భాష ఒకటే కాబట్టి ఎవరికీ అనుమానం రాకుండా విజయనగరం దండు మధ్యలోంచి పొదల్లోకి జారుకుంటారు. ఇద్దరు డేరాలోకి వెళతారు. వాళ్లు విఫలమైతే పని పూర్తిచేయడానికి మిగతా ఇద్దరు అడవిలో ఉంటారు. రాజు ఒంటి మీద ముప్పై రెండు గాయాలున్నాయని కూడా ఓర్మ్ రాశాడు. ఆ నలుగురిలో ఎవరి పేరూ ఆయన చెప్పడు. పేరు చెప్పింది మన కథకులు. రెండు కథనాలకూ పొత్తు కుదిరే చోటు మూడో రాత్రి, డేరా, కత్తి. బిట్టులో జవాబు "తాండ్ర పాపారాయుడు" అని రాయండి, మార్కు వస్తుంది. కానీ ఒక్క మనిషి పులిలా దూకాడన్న బొమ్మ కన్నా, నలుగురు ఒట్టేసుకుని ఇద్దరిని వెనక ఉంచి ఇద్దరు చావుకు సిద్ధపడి వెళ్లారన్న కథనమే నాకు ఎక్కువ వణుకు పుట్టిస్తుంది.

మా ఊళ్లో ఈ కథకు ఇంకో వైపు కూడా ఉంది. పైడితల్లమ్మ ఈ పెద విజయరామరాజు చెల్లెలనీ, యుద్ధానికి వెళ్లొద్దని అన్నను వారించిందనీ, చివరికి పెద్ద చెరువులో అమ్మవారిగా వెలసిందనీ నమ్మకం. విజయదశమి తర్వాత మంగళవారం సిరిమానోత్సవానికి లక్షల మంది వస్తారు. ఇక్కడికి చరిత్ర ఆగి భక్తి మొదలవుతుంది కాబట్టి దాన్ని అలాగే ఉంచుదాం.

ఇప్పుడు చిక్కు మొదలయ్యే చోటు. బొబ్బిలిలో విజయనగరం ఫ్రెంచి వైపు. మరి "ఫ్రెంచి వాళ్లను తరమడానికి ఇంగ్లిషు వాళ్లను పిలిచింది విజయనగరం రాజే" అన్న బిట్టు ఎలా నిజం అవుతుంది? అవుతుంది, ఎందుకంటే ఆయన వేరే రాజు. పెద విజయరామరాజు పోయాక గద్దె ఎక్కిన ఆనందరాజుకు ఫ్రెంచి వాళ్లతో పొసగలేదు. 1758లో విశాఖపట్నంలో వాళ్ల స్థావరాన్ని పట్టుకుని, ఇంగ్లిషు వాళ్లకు కబురు పెట్టాడు. అప్పటికి బెంగాల్లో ప్లాసీ గెలిచి ఊపు మీదున్న క్లైవు, కల్నల్ ఫోర్డ్‌ను ఓడల మీద పంపాడు. 1758 డిసెంబరు 7న ఇప్పటి కాకినాడ జిల్లాలోని చందుర్తి దగ్గర ఫ్రెంచి సేన ఓడింది. 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కోట కూడా పడిపోయింది. కోస్తా ఆంధ్ర ఇంగ్లిషు వాళ్ల చేతికి పోవడానికి మొదటి మెట్టు అదే. బొబ్బిలి యుద్ధానికి వచ్చిన పేరులో పదో వంతు కూడా చందుర్తికి రాలేదు. అక్కడ ఏడిపించే కథ లేదు మరి.

పద్మనాభం, 1794

ఆనందరాజు ఎక్కువ కాలం బతకలేదు. తర్వాత దత్తత మీద వచ్చిన పిల్లవాడే చిన విజయరామరాజు. పిల్లవాడు చిన్నవాడు కాబట్టి పెత్తనమంతా వరసకు అన్న అయిన సీతారామరాజుది. చాలా ఏళ్లు విజయనగరం అంటే సీతారామరాజే. ఈయన పేరు ఏ బిట్టులోనూ రాదు కానీ, ఈ కాలాన్ని అర్థం చేసుకోవాలంటే ఈయన్ను వదలలేం. మద్రాసు గవర్నరు థామస్ రంబోల్డ్ 1778లో జమీందార్లందరినీ మద్రాసుకు పిలిపించి శిస్తులు ఖరారు చేసినప్పుడు, అక్కడ చక్రం తిప్పినవాళ్లలో సీతారామరాజు ఒకడు. ఆ వ్యవహారాల్లో లంచాల గొడవ లండన్ పార్లమెంటు దాకా వెళ్లింది.

ఈస్టిండియా కంపెనీకి చిన విజయరామరాజుతో తగువు ప్రధానంగా డబ్బు తగువు. పేష్కషు, అంటే జమీందారు ఏటా కట్టాల్సిన సొమ్ము, పెంచుకుంటూ పోయారు. సైన్యాన్ని తగ్గించమన్నారు. బకాయిలు పేరుకుపోయాయి. చివరికి జమీందారీని స్వాధీనం చేసుకుని, ఆయన్ను నెలవారీ భత్యం మీద మచిలీపట్నం వెళ్లి ఉండమన్నారు. ఆయన బయలుదేరినట్టే బయలుదేరి, విజయనగరానికీ భీమిలికీ మధ్య ఉన్న పద్మనాభంలో ఆగిపోయాడు. అనంతపద్మనాభస్వామి కొండ కింద 1794 జూలై 10న కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సేనతో పోరు జరిగింది. గంట కూడా పట్టలేదు. చిన విజయరామరాజూ, ఆయనతో నిలబడ్డ చాలామంది సర్దార్లూ అక్కడే చనిపోయారు.

బొబ్బిలి యుద్ధం నాటి రాజు, పద్మనాభం యుద్ధం నాటి రాజు ఒకరే అనుకుని, "మొదట చెడ్డవాడు, తర్వాత మంచివాడయ్యాడు" అని కథ అల్లేవాళ్లను చూశాను. పేర్లు ఒకటి కావడమే ఇందుకు కారణం. ఇద్దరి చావుల మధ్య ముప్పై ఏడేళ్లు, మధ్యలో ఇంకో రాజు ఉన్నారు. మొదటాయన ఫ్రెంచి వాళ్ల మిత్రుడు, రెండో ఆయన ఇంగ్లిషు వాళ్లకు బాకీదారు. ఇద్దరిలో ఎవరి మీదా "స్వాతంత్ర్య పోరాటం" అన్న మాట తేలిగ్గా అతకదు. ఆ మాట వాడాలనుకుంటే పద్మనాభానికి కొంత నప్పుతుంది. బొబ్బిలిలో మాత్రం విజయనగరం రాజు వైపు నుంచి చూస్తే అసలు నప్పదు.

ఇక చిన రంగారావు. పద్మనాభం తర్వాత కంపెనీ విజయనగరం జమీందారీని ముక్కలు చేసింది. కొండ జమీందార్లను విడిగా గుర్తించింది. అప్పుడే, 1757లో ఆ ముసలాయన చేయి పట్టుకుని బతికి బయటపడ్డ పిల్లవాడికి, అప్పటికి నడివయసు దాటిన మనిషికి, బొబ్బిలి తిరిగి దక్కింది. బొబ్బిలి మళ్లీ నిలబడింది పాపారాయుడి కత్తి వల్ల అని చాలామంది అనుకుంటారు. అది తిరిగొచ్చింది పద్మనాభంలో విజయనగరం కూలినప్పుడు, ఇంగ్లిషు వాళ్ల కాగితం మీద. ఈ రెండు యుద్ధాలనూ కలిపి ఒకే పాఠంలో చెప్పే పుస్తకం నాకైతే స్కూల్లో తగల్లేదు.

చిన విజయరామరాజు కొడుకు నారాయణబాబు అప్పటికి పిల్లవాడు. కొండల్లోకి పారిపోయాడు. జనం ఆయన పక్షాన అల్లర్లు చేస్తుంటే, 1796లో కంపెనీ రాజీకి వచ్చి జమీందారీలో కొంత భాగం తిరిగి ఇచ్చింది. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చాక విజయనగరం కట్టాల్సింది ఏటా 5 లక్షల రూపాయలని తేలింది.

ఇక్కడ ఒక్కమాట. మనం సంస్థానం అంటాం, మహారాజు అంటాం, కోట చూపిస్తాం. చట్టం లెక్కలో మాత్రం విజయనగరం హైదరాబాదు, మైసూరు లాంటి స్వదేశీ సంస్థానం కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న చాలా పెద్ద జమీందారీ. మహారాజన్నది ప్రభుత్వం గౌరవంగా ఇచ్చిన బిరుదు. అందుకే 1947లో విలీనమైన సంస్థానాల జాబితాలో విజయనగరం కోసం వెతికితే దొరకదు. అది పోయింది 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో. ఈ తేడా తెలియక "విజయనగరం సంస్థానం భారతదేశంలో ఎప్పుడు విలీనమైంది?" అని ప్రశ్న తయారుచేసి, కింద నాలుగు తారీఖులు ఇచ్చినవాళ్లున్నారు.

ఫౌంటెన్ ఒకరిది, ఋగ్వేదం ఇంకొకరిది

నారాయణబాబు 1845లో కాశీలో చనిపోయాడు. ఆయన కొడుకు ఇంకో విజయరామ గజపతి (1826–1879). మనం ఇప్పుడు విజయనగరం అనగానే చెప్పుకునే చదువుల పునాది ఈయనదే. 1857లో స్కూలు పెట్టాడు, 1879 నాటికి అది కాలేజీ అయింది. అదే మహారాజా కళాశాల. ఈయన దానాలు ఊరు దాటి చాలా దూరం పోయాయి. కాశీలో టౌన్ హాలు, అలహాబాదు మ్యూర్ కాలేజీలో విజయనగరం హాలు ఈయన చలవే. 1867లో లండన్ హైడ్ పార్కులో, మార్బుల్ ఆర్చి దగ్గర మంచినీళ్ల ఫౌంటెన్ పెట్టించిందీ ఈయనే. 1964లో దాన్ని తీసేశారు. లండన్ వెళ్లి ఫౌంటెన్ ముందు సెల్ఫీ దిగాలనుకునే మావాళ్లకు ఇది నిరాశే.

ఈయన కొడుకు ఆనంద గజపతి (1850–1897). పుస్తకాల మనిషి, సంగీతం మనిషి. పైన చెప్పిన ఋగ్వేదం బిట్టు ఈయనది. మాక్స్ ముల్లర్ సాయణ భాష్యంతో ఋగ్వేదాన్ని మొదట అచ్చు వేసింది 1849 నుంచి 1874 దాకా, ఈస్టిండియా కంపెనీ డబ్బుతో మొదలుపెట్టి. దానికి ఆనంద గజపతికీ సంబంధం లేదు. పని మొదలైనప్పుడు ఆయన పుట్టనే లేదు. ఆ ప్రతులు అయిపోయాక 1890–92 మధ్య నాలుగు సంపుటాలుగా వచ్చిన రెండో కూర్పుకు ఖర్చు పెట్టుకున్నది ఆనంద గజపతి. "ఋగ్వేదాన్ని మొదటిసారి అచ్చు వేయించిన తెలుగు రాజు" అని రాస్తే ఒకే వాక్యంలో నిజం, అబద్ధం రెండూ ఉన్నట్టే.

దీనికి ఇంకో మెలిక ఉంది. ఆ కూర్పు ముఖపత్రం మీద పోషకుడి ఊరు "విజయనగర" అని అచ్చయింది. ఉత్తరాది పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో దాన్ని చూసినవాళ్లు హంపీ విజయనగరం అనుకుంటారు. హంపీ వైభవం 1565తోనే ముగిసింది. ఈ ఊరు పుట్టిందే 1713లో. కాకపోతే కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో ఇటు వచ్చిన మాట నిజం. సింహాచలం గుడిలో ఆయన శాసనాలున్నాయి, పొట్నూరులో జయస్తంభం వేయించాడు. కాబట్టి "విజయనగరం రాజు సింహాచలం వచ్చాడు" అన్న వాక్యం ఇద్దరికీ సరిపోతుంది. పూసపాటి వారు ఆ దేవస్థానానికి వంశపారంపర్య ధర్మకర్తలు కూడా కాబట్టి ఇంకా బాగా సరిపోతుంది!

కన్యాశుల్కం బిట్టు కూడా ఆనంద గజపతిదే. ఇక్కడ మనుషుల కన్నా సంవత్సరాలు ఎక్కువ తికమకపెడతాయి. గురజాడ అప్పారావు (1862–1915) నాటకాన్ని విజయనగరంలో మొదటిసారి ఆడింది 1892లో. మొదటి కూర్పు అచ్చయింది 1897లో, ఆనంద గజపతికి అంకితంగా. ఆ ఏడాదే మహారాజు చనిపోయాడు. మనం ఇప్పుడు చదివే, సినిమాగా చూసే గిరీశం, మధురవాణి ఉన్నది 1909 కూర్పులో. అది పేరుకు రెండో కూర్పు, నిజానికి దాదాపు కొత్త నాటకం. "కన్యాశుల్కం ఏ సంవత్సరంలో వచ్చింది?" అంటే మూడు జవాబులూ కొంతకొంత సరైనవే. ప్రశ్న వేసినవాడి మనసులో ఏముందో ఊహించి టిక్ పెట్టాలి.

అంకితం వెనక ఉత్త రాజభక్తి మాత్రమే లేదు. కన్యాశుల్కం పెళ్లిళ్ల లెక్క తీయమని ఆనంద గజపతే పురమాయించాడు. మొదటి కూర్పు ఇంగ్లిషు ముందుమాటలో గురజాడ ఆ లెక్క చెప్పారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో నమోదైన అలాంటి పెళ్లిళ్లు 1,034. అందులో 99 మంది పిల్లలకు అయిదేళ్లు, 44 మందికి నాలుగు, 36 మందికి మూడు, ఆరుగురికి రెండు, ముగ్గురికి ఒక ఏడాది. గిరీశం డైలాగులు అందరికీ వచ్చు. ఈ అంకెలు మాత్రం ఎవరూ బిట్టుగా అడగరు. నన్నడిగితే నాటకం ఎందుకు రాయాల్సి వచ్చిందో చెప్పేవి ఇవే.

ఆనంద గజపతికి పిల్లలు లేరు. ఆయన పోయాక తల్లి అలక రాజేశ్వరి 1883లో పుట్టిన ఒక అబ్బాయిని దత్తత తీసుకుంది. ఆ అబ్బాయి పేరు, మీరు ఊహించినట్టే, విజయరామ గజపతి. దత్తత చెల్లదని దాయాదులు కోర్టుకెక్కారు. ఏళ్ల తరబడి నడిచిన ఆ వ్యాజ్యంలో సంస్థానం తరఫున తలమునకలైనవాళ్లలో గురజాడ కూడా ఉన్నారు. అప్పటికి ఆయన ఆనంద గజపతి సోదరి, రీవా మహారాణి దగ్గర కార్యదర్శి. దావా 1913లో రాజీ అయింది. గురజాడ 1915లో పోయారు. ఆయన ఇంకా ఎందుకు రాయలేదని అడిగేవాళ్లు ఈ కోర్టు కాగితాలను కూడా లెక్కలో వేసుకోవాలి.

సంగీత కళాశాల పెట్టింది ఆ దత్తపుత్రుడే, 1919లో. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. వయొలిన్ చెప్పడానికి వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడికి అప్పటికి ఇరవై ఆరేళ్లు. 1936లో ఆయన ప్రిన్సిపాల్ అయ్యారు. తర్వాత ఘంటసాల, సుశీల చదువుకున్నది ఇక్కడే. కళాశాలను ఆనంద గజపతి ఖాతాలో వేసేవాళ్లు చాలామంది. సంగీతం అంటే ఆయనే గుర్తుకు రావడం సహజమే గానీ, ఆయన పోయిన ఇరవై రెండేళ్లకు గానీ అది పుట్టలేదు.

క్రికెట్ ఆడింది మహారాజు కాదు

మొదట్లో ఒక్కటి తప్ప అన్నీ నిజాలే అన్నాను. ఆ ఒక్కటి ఇది. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టు కెప్టెన్ విజ్జీ, అంటే సర్ విజయానంద గజపతిరాజు (1905–1965), విజయనగరం మహారాజు కాదు. మహారాజకుమార్. సంగీత కళాశాల పెట్టిన విజయరామ గజపతికి రెండో కొడుకు. గద్దె ఎక్కింది అన్న అలక్ నారాయణ గజపతి. రెండో కొడుకుకు పట్టం రాదు కాబట్టి విజ్జీ కాశీలోని ఎస్టేటు చూసుకుంటూ అక్కడ మకాం పెట్టాడు. డబ్బుంది, తీరికుంది, క్రికెట్ పిచ్చి ఉంది. 1930–31లో ఇంగ్లండు దిగ్గజాలు జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను రప్పించి తన జట్టులో ఆడించాడు.

ఆటగాడిగా ఆయన లెక్క చెప్పడానికి ఎక్కువసేపు పట్టదు. మూడు టెస్టులు, మొత్తం 33 పరుగులు, సగటు 8.25. కెప్టెన్‌గా ఆ టూరులో చేసిన పనుల్లో అందరికీ గుర్తున్నది, మొదటి టెస్టు కూడా కాకముందే లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో ఇంటికి పంపించేయడం. తర్వాత విచారణ జరిపిన బ్యూమాంట్ కమిటీ అమర్‌నాథ్ తప్పు లేదని తేల్చి, విజ్జీ కెప్టెన్సీని దుయ్యబట్టింది. అదే టూరులో, జట్టు ఇంగ్లండులో ఉండగానే, ఆయనకు సర్ బిరుదు వచ్చింది.

విజ్జీని ఎగతాళి చేయడం క్రికెట్ రచయితలకు అలవాటు. ఆటగాడిగా అది న్యాయమే. కానీ బిట్టు అక్కడితో ఆగిపోతుంది. 1954 నుంచి 1957 దాకా క్రికెట్ బోర్డు అధ్యక్షుడు, రేడియో వ్యాఖ్యాత, 1958లో పద్మభూషణ్, తర్వాత పార్లమెంటు సభ్యుడు, ఇవన్నీ కూడా అదే మనిషి. యూనివర్సిటీ జట్లు ఆడే విజ్జీ ట్రోఫీ ఆయన పేరు మీదే. మహారాజు కాలేకపోయిన రెండో కొడుకు, సింహాసనం వేరే చోట వెతుక్కున్నాడని నా అనుమానం. దీనికి రుజువేం లేదు, ఊరికే అనిపించింది.

గజపతి అన్న మాటతో శ్రీకాకుళం వైపు ఇంకో గొడవ ఉంది. గిడుగు రామమూర్తి "గజపతి రాజా హైస్కూల్లో" టీచరని చదివి, ఆయన విజయనగరంలో పనిచేశారనుకునేవాళ్లున్నారు. గిడుగు (1863–1940) శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, విజయనగరంలో గురజాడతో కలిసి చదువుకున్నారు. 1880 నుంచి ఉద్యోగం చేసింది, సవర భాష నేర్చుకుని నిఘంటువు రాసింది మాత్రం పర్లాకిమిడి నుంచి. పర్లాకిమిడి గజపతులు వేరే కుటుంబం. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోగానే గిడుగు ఊరు వదిలి రాజమండ్రి చేరారు. పర్లాకిమిడి రాజు కృష్ణచంద్ర గజపతి ఒడిశాకు ప్రధానమంత్రిగా కూడా పనిచేశాడు. అప్పట్లో రాష్ట్రాల ముఖ్యమంత్రులను అలా పిలిచేవారు. బొబ్బిలి వాళ్లకూ ఇదే సమస్య, అక్కడ తరతరాలుగా రంగారావులు. మద్రాసు ప్రెసిడెన్సీకి 1932లో ప్రధానమంత్రి అయ్యి, 1937 ఎన్నికల్లో వి.వి. గిరి చేతిలో ఓడిపోయిన రామకృష్ణ రంగారావుకూ, 1757లో కోటలో పోయిన రంగారావుకూ మధ్య చాలా తరాలున్నాయి.

జిల్లాల పేర్లు మారడం వల్ల వచ్చే తప్పులైతే ఎవరి తప్పూ కాదు. బొబ్బిలి 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి వెళ్లి, 1979లో విజయనగరం జిల్లా పుట్టాక ఇటు వచ్చింది. పాపారాయుడి రాజాం 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం, ఇప్పుడు విజయనగరం. నారాయణదాసు పుట్టిన అజ్జాడ, మల్లయోధుడు కోడి రామమూర్తి పుట్టిన వీరఘట్టం ఇప్పుడు పార్వతీపురం మన్యంలో ఉన్నాయి. గురజాడ పుట్టిన రాయవరం అనకాపల్లి జిల్లాలో ఉంది. పాత బిట్ బ్యాంకు పట్టుకున్నవాళ్లకు ఇక్కడ టెన్షన్ తప్పదు. పరీక్ష ఏ సంవత్సరానిదో చూసుకోవాల్సిందే.

వంశంలో పేర్ల చక్రం ఇంకా ఆగలేదు. అలక్ నారాయణ గజపతి కొడుకు పి.వి.జి. రాజు, పూర్తి పేరు పూసపాటి విజయరామ గజపతిరాజు (1924–1995). సోషలిస్టు పార్టీ మనిషి, రాష్ట్రంలో విద్యామంత్రి కూడా అయ్యారు. 1958లో తండ్రి పేరున మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటను, ఆస్తులను దానికి రాసిచ్చారు. విశాఖపట్నం లోక్‌సభ సీటు నుంచి 1957లో సోషలిస్టుగా గెలిచింది ఈయన, 1962లో కాంగ్రెస్ తరఫున గెలిచింది బాబాయి విజ్జీ. "విజయనగరం రాజు విశాఖ ఎంపీ" అన్న బిట్టుకు ఏ సంవత్సరమో చెప్పకపోతే జవాబు లేదు. పి.వి.జి. రాజు పెద్ద కొడుకు 1950లో పుట్టి, రాష్ట్ర మంత్రిగా, ఎంపీగా చేసి 2016లో చనిపోయారు. ఋగ్వేదానికి డబ్బిచ్చినాయన పుట్టింది 1850లో. ఇద్దరి పేరూ ఆనంద గజపతిరాజే.